నోయ్‌కోల్న్‌లో బాడుగ ఇల్లు: పిల్లలు విమానం ఎక్కేలోపు తెలియాల్సిన లెక్క

సంపాదకులు గారికి,

నమస్కారం. జర్మనీలో చదువుకు ఫీజు లేదన్న వార్తలు, ప్రకటనలు ఈ మధ్య మన రాయలసీమ ఎడిషన్లలో తరచుగా కనిపిస్తున్నాయి. అవి అబద్ధం కాదు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా కోర్సులకు ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టరుకు ఇంతని చందా కడితే చాలు. అయితే కర్నూలు నుంచో అనంతపురం నుంచో బెర్లిన్ చేరిన పిల్లలకు మొదటి ఆరు నెలలు నిద్ర పట్టనీయనిది ఫీజు కాదు, బాడుగ ఇల్లు. దాని గురించి ఎవరూ సరిగా చెప్పడం లేదు కాబట్టే ఈ ఉత్తరం.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకు ఇంతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. నెలకు చేతికి వచ్చేది 992 యూరోలు. బాడుగ, తిండి, ఆరోగ్య బీమా, ఫోను అన్నీ అందులోనే. బాడుగ 400 అయితే ఒక బతుకు, 700 అయితే ఇంకో బతుకు. తక్కువలో దొరుకుతుందని మన పిల్లలు బెర్లిన్‌లో ముందుగా వెతికేది నోయ్‌కోల్న్‌లో. ఆ పేరు వినగానే ఇక్కడి అమ్మానాన్నలు రెండు రకాలుగా మాట్లాడతారు. "అక్కడ చవకంట" అనేవాళ్లు కొందరు. 2022 డిసెంబరు 31 రాత్రి అగ్నిమాపక సిబ్బంది మీద టపాకాయలు విసిరిన వీడియోలు చూసి "ఆ పేటకు మాత్రం వద్దు నాయనా" అనేవాళ్లు ఇంకొందరు. చవక అన్నది పదిహేనేళ్ల కిందటి మాట. భయం అన్నది ఒక రాత్రిని చూసి ఏడాది మొత్తానికి కట్టిన లెక్క. రెండూ పక్కన పెట్టి చూడాల్సిన సంగతులు వేరే ఉన్నాయి.

బెర్లిన్‌ను 12 బరోలుగా, అంటే పాలనా విభాగాలుగా, విభజించారు. అందులో నోయ్‌కోల్న్ ఒకటి. జనాభా 3 లక్షల 30 వేల దాకా ఉంటుంది, మన కర్నూలు నగరం కంటే తక్కువే. కానీ 160 దాకా దేశాల మనుషులు ఆ ఒక్క బరోలో ఉంటారు. ఈ కలగలుపు కొత్తది కాదు. 1737లో మతం కారణంగా ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా విడిచి వచ్చిన ప్రొటెస్టెంటు కుటుంబాలకు ప్రష్యా రాజు అక్కడ జాగా ఇచ్చాడు. అప్పుడా ఊరి పేరు రిక్స్‌డార్ఫ్. రిషార్డ్‌ప్లాట్స్ చుట్టూ ఆ పాత పల్లె వాలకం ఇప్పటికీ తెలుస్తుంది. తాగుడు కొట్లకు, ఆటపాటలకు ఊరి పేరు చెడిపోయిందని 1912లో నోయ్‌కోల్న్ అని మార్చారు. 1920లో బెర్లిన్‌లో కలిపారు. 1961లో టర్కీతో కూలీల ఒప్పందం జరిగాక టర్కీ కుటుంబాలు వచ్చాయి. ఆ తర్వాత లెబనాన్ యుద్ధం తరిమిన లెబనీయులు, పాలస్తీనీయులు, 2015 దరిదాపుల్లో సిరియా వాళ్లు వచ్చారు. వీళ్లలో మొదట వచ్చినవాళ్లు అక్కడే ఎందుకు దిగారంటే పెద్ద కారణం, అప్పట్లో బాడుగలు తక్కువ. బాడుగలు ఎందుకు తక్కువంటే, పేట ఒక పక్క నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా చీల్చిన బెర్లిన్ గోడకు ఆనుకుని ఉండేది, ఇంకో పక్క టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం ఉండేది.

ఈ విమానాశ్రయం కథ తెలిస్తే పేట ఎట్లా మారిందో తెలుస్తుంది. షిల్లర్‌కీట్స్ అనే వీధుల గుంపు సరిగ్గా రన్‌వే చివర ఉంది. మిద్దెల మీదుగా విమానాలు దిగుతుంటే అక్కడ కాపురం ఉండేవాళ్లు వేరే దారి లేనివాళ్లే. 2008 అక్టోబరులో విమానాశ్రయం మూసేశారు. 2010 మేలో ఆ మైదానాన్ని జనానికి తెరిచారు. 300 హెక్టార్లకు పైగా నేల, అంటే 750 ఎకరాల దాకా, నగరం నడిబొడ్డున ఖాళీగా! పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, రన్‌వే మీద సైకిళ్లు తొక్కుతారు. అంచుల్లో ఇళ్లు కడతామని ప్రభుత్వం అంటే 2014 మేలో జనం ఓటేసి వద్దన్నారు. చప్పుడు పోయి తోట వచ్చింది, తోటతో పాటు బాడుగలు పైకి లేచాయి. ఉత్తరాన ఉన్న పక్క పేట క్రోయ్ట్స్‌బెర్గ్‌లో బాడుగ కట్టలేని విద్యార్థులు, చిత్రకారులు కాలువ దాటి నోయ్‌కోల్న్ వీధులైన రోయ్టర్‌కీట్స్‌కు రావడం కూడా దాదాపు అప్పుడే. వాళ్ల వెనకాల కాఫీ కొట్లు, వాటి వెనకాల ఇళ్లను పెట్టుబడిగా కొనేవాళ్లు. అంతకు ముందే, 2004లో, అప్పుల్లో ఉన్న బెర్లిన్ ప్రభుత్వం 65 వేల దాకా ఇళ్లున్న తన గృహ సంస్థ ఒకదాన్ని 40 కోట్ల యూరోల చిల్లరకు అమ్మేసుకుంది.

మన కర్నూలువాళ్లకు ఇది అర్థం కాని సంగతి కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని వచ్చినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపులు 1956లో రాజధాని తరలిపోయినా ఆ పేర్లతోనే నిలిచాయి. ఊరి గతి మారితే ముందుగా కదిలేది ఇంటి బాడుగే. అక్కడ తేడా ఏమిటంటే, బాడుగకున్నవాళ్లే ఎక్కువ. సొంతిల్లు లేకపోవడం నామోషీ కాదు. కాబట్టి చట్టం బాడుగదారుని పక్షాన చాలా దూరం వస్తుంది. ఆ చట్టం తెలియక నష్టపోయేవాళ్లలో మన పిల్లలు ముందు వరసలో ఉన్నారు.

బాడుగను అక్కడ రెండుగా చెబుతారు. ఒట్టి ఇంటికి కట్టేది కాల్ట్‌మీటె, అంటే చల్లని బాడుగ. దానికి నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం, హీటింగు కలిపితే వార్మ్‌మీటె, వెచ్చని బాడుగ. కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు రెండింటిలోనూ ఉండవు, వేరుగా కట్టాలి. ఇవి కాక టీవీ, రేడియోల కోసం ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టించుకుంటారు. ఇంట్లో టీవీ లేదంటే ఒప్పుకోరు. ఒక ఇంట్లో నలుగురుంటే ఒక్కరు కట్టి పంచుకుంటే సరిపోతుంది. ప్రకటనలో 450 అని ఉంటే అది చల్లనిదా వెచ్చనిదా అని అడగందే ముందుకు పోకూడదు. హీటింగు, నీళ్ల కోసం నెలనెలా కట్టేది అంచనా పైకమే. ఏడాది ముగిశాక అసలు లెక్క వస్తుంది. ఆ లెక్క ఏడాది గడిచిన 12 నెలల్లోపు చేతికి అందాలి. గడువు దాటిందంటే ఇంటివాళ్లు అదనంగా అడిగే హక్కు పోతుంది. లెక్క తప్పనిపిస్తే ఎదురు రాయడానికి మనకూ 12 నెలలు ఉంటాయి.

ఇక చల్లని బాడుగ ఎంత ఉండాలన్నదానికి మీట్‌ష్పీగెల్ అని ఒక పట్టిక ఉంది. వీధి, ఇల్లు కట్టిన సంవత్సరం, వైశాల్యం చూసి చదరపు మీటరుకు ఇంత నుంచి ఇంత దాకా అని చెబుతుంది. బెర్లిన్ ప్రభుత్వం వెబ్‌సైటులో ఉచితంగా లెక్క కట్టుకోవచ్చు. స్నానాల గది, వంటగది, ఇల్లు, భవనం, పరిసరాలు అని ఐదు పద్దులు ఉంటాయి. ఒక్కో పద్దు మంచిదైతే నడిమి అంకెకూ ఆ అంచుకూ ఉన్న అంతరంలో 20 శాతం పైకి, చెడ్డదైతే 20 శాతం కిందికి. 2015 జూన్ నుంచి బెర్లిన్‌లో అమల్లో ఉన్న బాడుగ బ్రేకు చట్టం ఏమంటుందంటే, కొత్తగా ఇచ్చే ఇంటికి ఆ పట్టిక బాడుగ మీద 10 శాతం కంటే ఎక్కువ అడగకూడదు. ఉదాహరణకు 50 చదరపు మీటర్ల ఇంటికి పట్టిక మీటరుకు 8 యూరోలు చూపిందనుకుందాం. అంటే 400. పది శాతం కలిపితే 440. ఓనరు 700 అడుగుతున్నాడంటే 260 యూరోలకు ఆయన కారణం చూపాలి. పాత బాడుగదారు అంతకు ముందే అంత కట్టి ఉండొచ్చు, ఇంటిని మొత్తం కొత్తగా బాగు చేయించి ఉండొచ్చు, లేదా ఆ ఇల్లు 2014 అక్టోబరు 1 తర్వాత మొదటిసారి వాడకంలోకి వచ్చి ఉండొచ్చు. వీటిలో ఏదీ కాకపోతే ఆ 260 చట్టం ఒప్పని పైకం.

దీన్ని తప్పించుకోవడానికి ఎక్కువగా వాడే ఎత్తు "సామానుతో కూడిన, తాత్కాలిక" ఇల్లు. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి బాడుగ రెట్టింపు చేస్తారు. 11 నెలలకో 12 నెలలకో ఒప్పందం రాస్తారు. మనకు ఇక్కడ 11 నెలల అగ్రిమెంటు అలవాటే కాబట్టి పిల్లలు మారు మాట లేకుండా సంతకం పెడతారు. అక్కడ మాత్రం కాగితం మీద గడువు వేసినంత మాత్రాన బ్రేకు చట్టం వదిలిపోదు. ఉండే అవసరం నిజంగా తాత్కాలికమై ఉండాలి. రెండేళ్ల మాస్టర్స్ చదవడానికి వచ్చి అదే ఇంట్లో ఉండేవాళ్ల అవసరం అట్లాంటిది అనడం కష్టం.

ఎక్కువ కడుతున్నామని తెలిసినప్పుడు చేయాల్సింది గొడవ కాదు, ఒక ఉత్తరం. పట్టిక ప్రకారం బాడుగ ఇంత, మీరు అడుగుతున్నది ఇంత, దీన్ని నేను ఒప్పుకోవడం లేదు అని రాసి పంపాలి. ఈ-మెయిలు చాలు. 2020 ఏప్రిల్ 1 తర్వాతి ఒప్పందమై ఉండి, ఇంట్లో దిగిన 30 నెలల్లోపు రాస్తే మొదటి నెల నుంచి కట్టిన అదనమంతా వెనక్కి అడగొచ్చు. 31వ నెలలో రాస్తే రాసిన రోజు నుంచే. బరో ఆఫీసు ఏర్పాటు చేసే బాడుగదారుల సలహా కేంద్రాల్లో పైసా తీసుకోకుండా కాగితాలు చూసి చెబుతారు. బాడుగదారుల సంఘంలో సభ్యత్వం తీసుకుంటే వకీలు మీ తరఫున రాస్తాడు. అడిగితే ఇల్లు ఖాళీ చేయిస్తారేమోనన్న భయం అక్కర్లేదు, ఉత్తరం రాశారన్న కారణంతో గడువు లేని ఒప్పందాన్ని రద్దు చేయడం కుదరదు.

ఇక్కడ మేం గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పట్టికను తయారు చేసేది గడచిన ఆరేళ్లలో కొత్తగా కుదిరిన, లేదా మారిన బాడుగల నుంచి. అంటే కడప నుంచి పోయిన పిల్లవాడు 440కి బదులు 700 కట్టి మౌనంగా ఉంటే ఆ భారం అతని జేబుతో ఆగదు. అట్లాంటి బాడుగలు వీధిలో పేరుకున్న కొద్దీ పక్కింట్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్న టర్కీ ముసలావిడకూ బాడుగ పెరగడానికి దారి పడుతుంది. పాత పేట పోతున్నదని నోయ్‌కోల్న్ జనం పడే బాధలో ఈ తెలియనితనం వాటా కూడా ఉంది. వాళ్లు ఊరకే బాధపడి కూర్చోలేదు. 2020లో బెర్లిన్ (అది జర్మనీలో ఒక రాష్ట్రం కూడా) బాడుగలకు గరిష్ఠ పరిమితి పెడితే, అది రాష్ట్రం చేయగలిగిన పని కాదని 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అదే సెప్టెంబరులో, పెద్ద గృహ కంపెనీల ఇళ్లను ప్రజల పరం చేయాలా అని అడిగితే ఓటేసినవాళ్లలో సగానికి పైగా అవునన్నారు. ఉత్తర నోయ్‌కోల్న్‌లో చాలా వీధులు ఇప్పుడు రక్షిత ప్రాంతాలు. అక్కడ ఇంటిని విలాసంగా మార్చాలన్నా, రెండు ఇళ్లను ఒకటిగా కలపాలన్నా బరో అనుమతి కావాలి. అంత పోరాడి తెచ్చుకున్న హక్కుల నడుమ మన పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని తిరగడం మాకు మింగుడు పడటం లేదు.

అడ్వాన్సు విషయం. అక్కడ దాన్ని కౌట్సియోన్ అంటారు. చల్లని బాడుగకు మూడింతలు మించకూడదు. మన ఉదాహరణలో 440 మూడుసార్లు, 1,320 యూరోలు. అది కూడా మూడు సమాన కంతుల్లో కట్టే హక్కు చట్టం ఇచ్చింది. మొదటి కంతు ఒప్పందం మొదలైన రోజు, మిగతా రెండు తర్వాతి రెండు నెలల బాడుగలతో. ఆ పైకాన్ని ఓనరు తన సొంత డబ్బులో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి. ఖాళీ చేశాక లెక్క చూసి ఇవ్వడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చు. ఊరికి తిరిగొచ్చే ముందు చేతికొస్తుందని ఆ డబ్బును టిక్కెట్టుకు లెక్క వేసుకోకూడదు. ఇక బ్రోకరు. హైదరాబాదు, బెంగళూరు అలవాటుతో మన పిల్లలు ఒక నెల బాడుగ కమీషను అడిగితే ఇచ్చేస్తారు. 2015 జూన్ నుంచి జర్మనీలో బ్రోకరును ఎవరు పెట్టుకున్నారో వాళ్లే కట్టాలి. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు మనం ఇవ్వాల్సింది ఏమీ లేదు.

ఇంతకంటే ముఖ్యమైన కాగితం ఒకటుంది, చిరునామా నమోదు. దాన్ని అన్మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌర సేవల ఆఫీసులో చేయించుకోవాలి. బెర్లిన్‌లో ఏ బరో ఆఫీసులోనైనా చేయించుకోవచ్చు, నోయ్‌కోల్న్‌లోనే పడిగాపులు పడనక్కర్లేదు. అపాయింటుమెంటు దొరకడమే కష్టం. పొద్దున్నే వెబ్‌సైటు తెరిచి చూస్తుంటే రద్దయిన స్లాట్లు కనబడతాయి. పాస్‌పోర్టుతో పాటు ఇల్లిచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఒక పేజీ పత్రం కావాలి. వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అని దాని పేరు. బాడుగ ఒప్పందం ఉంటే చాలదు, ఈ పత్రమే అడుగుతారు. ఎవరి గదిలోనైనా పై బాడుగకు దిగితే ఆ అసలు బాడుగదారే దీన్ని రాసివ్వొచ్చు. నమోదు కాకపోతే పన్ను నంబరు రాదు, నివాస అనుమతి పని ముందుకు కదలదు, పార్టుటైము ఉద్యోగంలో జీతం మీద ఎక్కువ పన్ను పట్టుకుంటారు. "నమోదుకు వీల్లేదు" అని ముందే రాసి ఉన్న గదులు నెలకు వంద తక్కువకు దొరుకుతాయి. ఆ వంద కోసం ఆశపడి తర్వాత ఆరు నెలలు పరుగులు పెట్టినవాళ్లు ఎందరో. ఇంకొందరు, ఉండని ఇంటి చిరునామాను డబ్బుకు కొంటున్నారు. అట్లా చిరునామా అమ్మినవాళ్లకు 50 వేల యూరోల దాకా జరిమానా ఉంది. ఇది చిన్న తప్పు అనుకోకండి.

చిరునామా దగ్గరే ఇంకో చిన్న వస్తువు ఉంది, చాలామందికి తట్టనిది. బెర్లిన్ అపార్టుమెంట్లలో ఫ్లాటు నంబర్లు ఉండవు. బయట బెల్లుల వరస, లోపల టపా పెట్టెల వరస, రెండింటి మీదా ఇంటిపేర్లు మాత్రమే. వేలి వెడల్పు చీటీ మీద పేరు లేకపోతే పోస్టుమ్యాను ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు. పన్ను నంబరు, బ్యాంకు పిన్ను, బీమా కార్డు, నివాస అనుమతి కబురు అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట, పేరు ఒక చోట తారుమారుగా పడి ఉంటాయి, కొన్నిట్లో ఒకటి ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఏది ఎట్లా ఉందో అదే అక్షరక్రమంలో, పేరూ ఇంటిపేరూ రెండూ చీటీ మీద రాయండి. ఐదుగురు కలిసి ఉంటే ఐదుగురి పేర్లూ ఉండాలి. దిగిన మొదటి రోజు సామాను విప్పకముందే చేయాల్సిన పని ఇది. ఇంటి నంబరు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. పాత వీధులు చాలావాటిలో నంబర్లు ఒక పక్క చివరిదాకా పోయి, రెండో పక్కన వెనక్కి తిరిగొస్తాయి. 10కి ఎదురుగా 11 ఉండదు, ఎక్కడో 240 ఉంటుంది.

మోసాలు ఎక్కువ జరిగేది పిల్లలు ఇంకా ఇక్కడ ఉన్నప్పుడే. "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపండి, తాళం చెవి పోస్టులో వస్తుంది" అన్నవాళ్లు నూటికి నూరుపాళ్లూ దొంగలే. పాస్‌పోర్టు కాపీ తీసుకుని దానితో ఇంకొకరిని మోసం చేస్తారు కూడా. ఇల్లు కళ్లతో చూడకుండా, ఒప్పందం మీద ఇద్దరి సంతకాలు పడకుండా రూపాయి పంపకూడదు. ప్రవేశ పత్రం వచ్చిన రోజే విద్యార్థి హాస్టలుకు దరఖాస్తు పెట్టాలి. వరసలో నిలబడాల్సిందే, ఎంత ముందు పెడితే అంత మేలు. అది వచ్చేలోగా మొదటి నెలకు, నమోదుకు ఒప్పుకునే తాత్కాలిక గది చూసుకుని, అక్కడికి చేరాక ఇల్లు వెతకాలి. అప్పులు, బిల్లులు సరిగా కట్టారో లేదో చెప్పే షూఫా కాగితం కొత్తవాళ్లకు ఉండదు కాబట్టి దాని బదులు ప్రవేశ పత్రం, బ్లాక్డ్ అకౌంటు ధ్రువపత్రం కలిపి ఒకే ఫైలుగా సిద్ధం చేసుకోవాలి. బెర్లిన్‌లో ప్రభుత్వ గృహ సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటన్నిటి ఖాళీలూ ఇన్‌బెర్లిన్‌వోనెన్ అనే ఒకే వెబ్‌సైటులో వస్తాయి. మన పిల్లలు వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతారు గానీ అటువైపు చూడరు.

ఖర్చు కలిసొస్తుందని ఒక గదిలో నలుగురైదుగురు చేరడం ఇంకో పొరపాటు. బెర్లిన్ చట్టం ప్రకారం పెద్ద మనిషికి కనీసం 9 చదరపు మీటర్లు ఉండాలి, అంటే 97 చదరపు అడుగులు. పైగా, అట్లా కిక్కిరిసిన గదుల్లోనే గోడలకు బూజు పడుతుంది. ఇది కర్నూలు ఎండల్లో పెరిగినవాళ్లకు అసలు తెలియని కష్టం. నోయ్‌కోల్న్‌లో పాత ఇళ్లు ఎక్కువభాగం పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టినవి. వీధిలో ముందు ఇల్లు, వెనక చిన్న పెరడు, దాని వెనక ఇంకో ఇల్లు. 1853 నాటి బెర్లిన్ నిబంధనల్లో అట్లాంటి పెరడు పొడవూ వెడల్పూ 5.34 మీటర్లు ఉంటే చాలనేవారు, నిప్పార్పే బండి మళ్లడానికి సరిపోయేంత. వెనక ఇంట్లో కింది అంతస్తుకు ఎండ పొడ తగలదు. చవకగా దొరికేది ఆ గదే.

అందులో మూడు పూటలా అన్నం వండుతారు, పప్పు ఉడికిస్తారు, ఉతికిన బట్టలు లోపలే ఆరేస్తారు. చలికి భయపడి కిటికీ తెరవరు. గాలిలో చేరిన ఆవిరి, గదిలో అన్నిటికంటే చల్లగా ఉండే చోట, అంటే బయటి గోడ మూలలో, బీరువా వెనక నీరై కూర్చుంటుంది. నెల తిరిగేసరికి నల్లటి చుక్కలు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత. దీనికి మందు ఖరీదైనది కాదు. రోజుకు మూడు నాలుగు సార్లు హీటరు కట్టేసి, కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. కిటికీని కొద్దిగా వంచి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది. వంటయ్యాక, స్నానమయ్యాక తప్పనిసరి. బీరువాను బయటి గోడకు ఐదు నుంచి పది సెంటీమీటర్లు ఎడంగా జరపాలి. గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు పది యూరోల లోపు దొరుకుతుంది, అది 60 శాతం దాటకుండా చూసుకోవాలి. హీటరు మీద 3 అంకె అంటే సుమారు 20 డిగ్రీలు. 5 పెడితే గది తొందరగా వేడెక్కుతుందనుకోవడం భ్రమ, బిల్లు మాత్రం పెరుగుతుంది. గదిలో దిగిన రోజే ప్రతి గోడను, నేలను ఫోటోలు తీసి తేదీతో ఓనరుకు పంపి పెట్టుకుంటే, పాత బూజు మీ నెత్తిన పడదు.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదన్నది అక్కడ మర్యాద కాదు, నియమం. ఆదివారమంతా అదే లెక్క. ఇడ్లీ పిండికో పచ్చడికో మిక్సీ వేయాలంటే శనివారం పగలే వేసుకోవాలి.

ఎక్కడ వెతకాలంటే, నగరం నడిమి భాగాన్ని చుట్టే ఎస్-బాన్ రింగు రైలుకు లోపల ఉన్న రోయ్టర్‌కీట్స్, షిల్లర్‌కీట్స్, రిక్స్‌డార్ఫ్ వీధుల మీదే అందరి కళ్లూ ఉంటాయి. మా మాట వింటే రింగు బయట బ్రిట్స్, బుకో, రుడో, గ్రోపియుస్‌స్టాట్ కూడా చూడండి. ఇవీ నోయ్‌కోల్న్ బరోలోనివే. యు-7 మెట్రో కార్ల్ మార్క్స్ స్ట్రాసె కింద నుంచి బ్రిట్స్, గ్రోపియుస్‌స్టాట్ మీదుగా రుడో దాకా పోతుంది. అక్కడి నుంచి విమానాశ్రయానికి బస్సు. బ్రిట్స్‌లో గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కాలనీ 1925లో మొదలుపెట్టి కట్టింది, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కూలి జనానికి వెలుతురు, గాలి, చెట్టు ఉన్న ఇల్లు అని కట్టినది. గ్రోపియుస్‌స్టాట్ 1962 నుంచి 1975 దాకా కట్టిన ఎత్తైన మిద్దెల ఊరు. బెర్లిన్ గోడ లేచాక పశ్చిమ బెర్లిన్‌కు జాగా కరువై మిద్దెలు పైకి పెరిగాయి. చూడ్డానికి బోసిగా ఉంటుందని పిల్లలు మొహం తిప్పుకుంటారు గానీ, గదులు వెలుతురుగా ఉంటాయి, ఉత్తర నోయ్‌కోల్న్‌లోని కూడలి హెర్మాన్‌ప్లాట్స్‌కు మెట్రోలో పావుగంట పైచిలుకు.

బ్రిట్స్‌లోనే శ్రీలంక తమిళులు కట్టుకున్న మయూరపతి మురుగన్ గుడి ఉంది. కాలువ గట్టున మైబాఖ్‌ఉఫర్‌లో మంగళ, శుక్రవారాలు టర్కీ సంత జరుగుతుంది. కొత్తిమీర, పుదీనా, వంకాయ కట్టలకు కట్టలు దొరుకుతాయి. సాయంత్రం సంత ఎత్తేసే ముందు పోతే పెట్టెల లెక్కన అమ్మేస్తారు. బెండకాయను బామ్యా అంటారు, వెతుక్కునేవాళ్లకు ఆ మాట చాలు. జర్మన్ రాని మొదటి నెలల్లో మన పిల్లలకు ఒక ఊరట ఉంది. మన పాత బస్తీలో వినబడే మాటలే టర్కీ కొట్లలో వినబడతాయి. దుకాణాన్ని దుక్కాన్ అంటారు, లెక్కను హెసాప్ అంటారు, కాగితం కాట్, టీ చాయ్. కర్నూలులో హిసాబు చెప్పమన్నట్టే అక్కడ హెసాప్ అంటే బిల్లు తెచ్చిస్తారు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకునే జిల్లా మనది. పక్క మనిషి భాష, దేవుడు వేరైనంత మాత్రాన భయపడాల్సిన వాళ్లం కాదు. 2006లో అక్కడి రూట్లీ బడి ఉపాధ్యాయులే మావల్ల కావడం లేదని ప్రభుత్వానికి ఉత్తరం రాసుకున్నారు. ఆ బడిని పక్క బడులతో కలిపి, డబ్బు పెట్టి, పెద్ద క్యాంపస్‌గా నిలబెట్టారు. టపాకాయల వీడియో పంపుకునేవాళ్లు ఈ సంగతి కూడా పంపుకుంటే బాగుంటుంది.

ఖాళీ చేసేటప్పుడు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అది కాగితం మీద, చేతి సంతకంతో ఉండాలి. వాట్సాప్, ఈ-మెయిలు చెల్లవు. నెలలో మూడో పని దినంలోపు ఓనరుకు చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది, ఒక్క రోజు దాటినా ఇంకో నెల బాడుగ మీద పడుతుంది. కాబట్టి రిజిస్టర్డు పోస్టులో, వారం ముందే పంపాలి.

మీ పత్రికకు మా విన్నపం ఇదీ. జర్మనీ చదువుల మీద ఇకపై వేసే ప్రతి కథనంలో, ట్యూషన్ ఫీజు పక్కనే ఆ ఊరి మీట్‌ష్పీగెల్ ప్రకారం ఒక గది చల్లని బాడుగ ఎంతో, వెచ్చని బాడుగ ఎంతో రెండు అంకెలు వేయండి. కన్సల్టెన్సీ ప్రకటనల్లో "వసతి మేమే చూస్తాం" అని ఉంటే, ఆ వసతిలో చిరునామా నమోదుకు సంతకం పెట్టిస్తారా లేదా అని మీ విలేకరి చేత అడిగించి ఆ జవాబు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి పోయి బెర్లిన్‌లో చదివినవాళ్లం, చదువుతున్నవాళ్లం కొందరం
కర్నూలు